సంగనకల్లు గుట్ట చెప్పిన పాఠం

ఉగాదినాడు పంచాంగ శ్రవణం జరగని తెలుగు సంఘం అరుదు. వేపపూత దొరకని దేశాలలో సైతం, దొరికిన చేదుతోనే పచ్చడి కలిపి, ఒక పెద్దాయన చేత రాశిఫలాలు చదివించుకొంటాము. అందులో అందరమూ చెవి ఒగ్గి వినే పద్దులు నాలుగు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. గ్రహాల సంగతి ఎలా ఉన్నా, ఏడాదికొకసారి మనిషి తన లెక్క తాను చూసుకోవాలని పెద్దలు పెట్టిన ఏర్పాటు ఇది అని నాకు తోస్తుంది. ఈ సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయమని సంఘం వారు కోరినప్పుడు, ఆ నాలుగు పద్దులనూ మన పిల్లల ఆటల మీద పెట్టి చూడాలనిపించినది. ఆటలకూ చరిత్రకూ ఏమి సంబంధమని పాఠకులు అడగవచ్చును. ముందు మా ఇంటి సంగతి ఒకటి మనవి చేసి, తరువాత చరిత్రలోకి వస్తాను.

నా మనుమరాలు పాఠశాలలో నాలుగు వందల మీటర్ల పరుగు పందెంలో పాల్గొనేది. పోటీ నుండి ఇంటికి రాగానే నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్నో స్థానం వచ్చినదమ్మా?" మొదటిది కాకపోతే నా ముఖం చూసి ఆ పిల్లే తల దించుకొనేది. ఒకసారి అయిదవ స్థానం వచ్చినది. "సరే, చదువన్నా బాగా చదువుకో" అన్నాను. మరునాడు పరుగు బూట్లు అటక ఎక్కినవి. చాలా రోజుల తరువాత కోడలు చెప్పగా తెలిసినది: ఆనాడు ఆ పిల్ల తన వెనుకటి పరుగు కంటె రెండు సెకండ్లు తక్కువలో చేరినదట. ఆ మాట తాతయ్యకు చెప్పాలనే ఆత్రంగా ఇంటికి వచ్చినదట. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ సంవత్సరం సెలవులకు స్వస్థలం వెళ్ళినాము. మాది బళ్ళారి ప్రాంతం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చినవి. బళ్ళారి తాలూకా మైసూరు వైపు పోయినది. గీత ఎటు గీసినా, ఇంట తెలుగు, వీధిలో కన్నడం, రెండు చోట్లా రెండూ కలిసిన మాటలు మాకు పుట్టినప్పటి నుండి అలవాటు. పిల్లలకు ఏదైనా చూపించాలని సంగనకల్లు తీసుకొని పోయినాను.

రాతిని గొడ్డలి చేసిన ఊరు

బళ్ళారి పట్టణానికి ఈశాన్యంగా కొద్ది కిలోమీటర్లలోనే ఉన్న చిన్న ఊరు సంగనకల్లు. ఊరికీ కుప్పగల్లుకూ నడుమ, నున్నని పెద్ద పెద్ద గుండ్లు పేర్చినట్లుండే గుట్టలు కొన్ని ఉన్నవి. ఒకటి సన్నరాచమ్మ గుడ్డ, ఇంకొకటి హిరేగుడ్డ. గుడ్డ అంటే కన్నడంలో గుట్ట. భూగర్భ శాస్త్రజ్ఞుడైన రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1872లో ఇక్కడికి వచ్చి, ఇవి నవీన శిలాయుగపు మనుష్యుల నివాసాలని గుర్తించినాడు. 1940ల చివరలో బెండపూడి సుబ్బారావుగారు ఇక్కడ త్రవ్వకాలు జరిపి, బళ్ళారి శిలాయుగ సంస్కృతులపై 1948లో గ్రంథం వెలువరించినారు. 1964-65లో అన్సారీ, నాగరాజరావుగార్లు మరల త్రవ్వినారు. ఈ శతాబ్ది ఆరంభంలో రవి కోరిశెట్టర్‌గారు, విదేశీ పండితులు కలిసి మరింత వివరంగా పరిశోధించినారు. నేటికి సుమారు అయిదు వేల సంవత్సరాల వెనుక నుండి ఈ గుట్టల మీద మనుష్యులు కాపురమున్నారు, పశువులను మేపినారు, ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండించుకొన్నారు, గుండ్ల మీద మూపురాల ఎద్దుల బొమ్మలు చెక్కినారు.

వారి ముఖ్యమైన పనితనం రాతి గొడ్డలి. హిరేగుడ్డను చీల్చుకొని పోయే నల్లరాతి చాలు ఒకటి కలదు. డోలరైట్ అనే గట్టి రాయి అది. ఆ చాలు నుండి రాయి పెకలించడం మొదటి పని. పెచ్చులు కొట్టి గొడ్డలి రూపం తేవడం రెండవది. సుత్తిరాయితో సన్నగా మొట్టి మొట్టి ఎగుడుదిగుళ్ళు పోగొట్టడం మూడవది. చివరకు గుండు మీద రుద్ది పదును పెట్టడం నాలుగవది. ఇన్ని చేతులు, ఇన్ని రోజులు ఒకే చోట రుద్దగా, ఆ గుండ్ల మీద నున్నని గాళ్ళు పడినవి. అవి ఈనాటికీ ఉన్నవి.

మా మనుమరాలు అటువంటి గాడిలో వ్రేలు పెట్టి చాలాసేపు చూసినది. తరువాత అడిగినది: "తాతయ్యా, ఒక్క రోజు రుద్దితే ఎంత అరుగుతుంది?"

"ఏమీ కనపడదమ్మా" అన్నాను.

"కనపడకపోతే, అరుగుతున్నదని వాళ్ళకెట్లా తెలుసు?"

నాకు జవాబు తోచలేదు. ఇల్లు చేరిన తరువాత కూడ ఆ ప్రశ్న వదలలేదు. ఆటలు ఆడే పిల్లల విషయంలో పెద్దలు తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే కదా. దూరాన ఉన్న గమ్యం అందరికీ కనపడుతుంది. ఈనాటి అరుగుదల ఎవరికీ కనపడదు. దానిని పిల్లలకు కనపడేటట్లు చేసే వారెవరు? ఈ ప్రశ్న పట్టుకొని మన తెలుగువారి క్రీడాచరిత్రను మరల ఒకసారి తిరగవేసినాను. అందులో నాకు కనపడినది ఒకటే. బలానికి, తెలివికి మనలో ఎన్నడూ కొదువ లేదు. కొదువ వచ్చినదల్లా మెట్లకే.

మెట్లు లేని కాలపు బలవంతులు

కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినని తెలుగువాడు ఉండడు. ఉత్తరాంధ్రలో వీరఘట్టం వారి ఊరు. చెన్నపట్నం సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పని చేసినారు. ఆ తరువాత సర్కసు పెట్టి దేశమంతా తిరిగినారు. కట్టిన గొలుసు ఊపిరి బిగించి తెంచేవారు. రొమ్ము మీద ఏనుగును నిలిపేవారు. కలియుగ భీముడని జనం బిరుదు ఇచ్చినారు. 1942లో కాలధర్మం చెందినారు.

ఇంత బలానికి ఆనాడు దొరికిన రంగస్థలం సర్కసు డేరా. ఈనాటి మన పిల్లలకు తెలిసిన జిల్లా పోటీ, రాష్ట్ర పోటీ, జాతీయ పోటీ, ఆసియా, ఒలింపిక్ అనే వరుస వారి యౌవనంలో మన దేశంలో లేదు. ఎంత ఎత్తినారు, నిరుటి కంటె ఎంత ఎక్కువ అన్న లెక్క వ్రాసి పెట్టిన పుస్తకమూ లేదు. అందువల్ల వారి కీర్తి కథలుగా మిగిలినది. వారి అడుగులో అడుగు వేసి ఎక్కడానికి తరువాతి వారికి మెట్లుగా మారలేదు.

మన వంటి వలస కుటుంబాలు ప్రత్యేకంగా తలచుకోవలసిన పేరు సి.కె. నాయుడుగారు. తెలుగు కుటుంబం, పుట్టినది 1895లో నాగపూరులో. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో, ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేసినారు. అందులో సిక్సర్లు పదకొండు. అప్పటికి భారతదేశానికి టెస్టు జట్టు అన్నదే లేదు. అనగా ఆ ఆటగాడు కోరుకొనదగిన పై మెట్టు లేదు. ఆ పర్యటన తరువాత 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడినది. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకుడుగా నాయుడుగారే దిగినారు. అప్పటికి ఆయనకు 36 ఏండ్లు నిండినవి. మెట్టు కట్టడం ఆలస్యమైతే ఆటగాడి యౌవనం ఆగదు. ఆయన దేహదార్ఢ్యం గొప్పది కనుక అరవై దాటిన తరువాత కూడ రంజీ పోటీలలో ఆడగలిగినారు. అందరికీ అది సాధ్యం కాదు.

రెండున్నర కిలోల మెట్టు

రామమూర్తిగారి శ్రీకాకుళపు సీమ నుండే, అర్ధశతాబ్దం తరువాత ఒక ఆడపిల్ల బయలుదేరినది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి. నీలంశెట్టి అప్పన్నగారు అక్కడి పిల్లలకు బరువులెత్తడం నేర్పేవారు. మల్లేశ్వరి సన్నని పిల్ల. బరువులు ఎత్తగలదా అని మొదట సందేహించినారట. తల్లి వెనుకాడలేదు.

ఈమెకు రామమూర్తిగారికి లేని భాగ్యం ఒకటి ఉన్నది. స్త్రీలకు ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు 1987లో మొదలైనవి. ఆమె ఎదుగుతున్న కొలది నిచ్చెన కూడ ఎదిగినది. 1993లో ప్రపంచ పోటీలలో కాంస్యం. 1994లో ఇస్తాంబుల్‌లో స్వర్ణం. 1995లో గ్వాంగ్జౌలో మరల స్వర్ణం. స్త్రీల బరువులకు ఒలింపిక్స్‌లో చోటు దొరికినది 2000లో, సిడ్నీలో. ఆమె అక్కడ స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం పొందినది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమె.

ఆ రోజుల నియమం ప్రకారం బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. కడ్డీకి ఇటు ఒకటింబావు, అటు ఒకటింబావు. సాధకుడి జీవితమంతా ఈ చిన్న బిళ్ళల లెక్కే. నెలలు గడిస్తే ఒక బిళ్ళ. ఒక్కొక్కప్పుడు ఏడాది గడిస్తే ఒక బిళ్ళ. సంగనకల్లు గాడిలో కనపడని అరుగుదల ఇక్కడ బిళ్ళగా కనపడుతుంది. బరువులెత్తే పిల్లలు ఓపికగా నిలవడానికి ఇది ఒక రహస్యమని నా నమ్మకం.

సిడ్నీలో చివరి ప్రయత్నం గురించి నేటికీ చర్చ నడుస్తుంది. 130 ఎత్తిన తరువాత 132.5 అడిగి ఉంటే, మొత్తం 242.5 అయి పై ఇద్దరితో సమానమయ్యేది. అప్పుడు శరీరపు బరువు లెక్కలోకి వచ్చేది. ఏకంగా స్వర్ణం కోసం 137.5 కడ్డీకి ఎక్కించినారు. మూడు మెట్లు ఒక్క అంగలో. ఆ ప్రయత్నం నెరవేరలేదు. ఇందులో తప్పు ఒప్పులు ఎంచడానికి మనమెవరము? బంగారం అందేటంత దూరంలో ఉన్నప్పుడు చేయి చాచకపోవడం కూడ ఒక దుఃఖమే. కాని మెట్టు ఎంత ఎత్తు పెట్టాలన్నది ఎంత బరువైన నిర్ణయమో పెద్దలకు ఈ ఉదాహరణ తెలుపుతుంది.

గచ్చిబౌలి దారి

పుల్లెల గోపీచంద్‌గారు 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ పోటీ గెలిచినారు. 1980లో ప్రకాశ్ పదుకోణ్ తరువాత ఆ గౌరవం పొందిన రెండవ భారతీయుడు ఆయనే. గెలిచినవారు చాలామంది ఉంటారు. గెలిచిన తరువాత మెట్లు కట్టడానికి కూర్చున్నవారు తక్కువ. ప్రభుత్వమిచ్చిన స్థలంలో, సొంత ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సహాయంతో హైదరాబాదు గచ్చిబౌలిలో 2008లో శిక్షణాలయం తెరిచినారు. సైనా నెహ్వాల్ 2012లో లండన్ కాంస్యం తెచ్చినది. తరువాత పి.వి. సింధు.

సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం పొందిన భారత జట్టులోనివారు. తరువాత అర్జున పురస్కారం పొందినారు. ఇటువంటి ఇంట పుట్టిన పిల్ల వాలీబాలే ఆడవలెనని పట్టు పట్టడం సహజం. వారు పట్టలేదు. పిల్ల కోరిన రాకెట్టు చేతికిచ్చి, రోజూ సికిందరాబాదు నుండి గచ్చిబౌలికి తీసుకొని పోయి తెచ్చినారు. రాకపోకలు కలిసి 56 కిలోమీటర్లని ఆనాటి పత్రికలు వ్రాసినవి. గమ్యం బిడ్డది, దారి ఖర్చు తల్లిదండ్రులది. ఈ వాటా సరిగా పంచుకొన్న ఇల్లు అది.

గురువు పెట్టిన లక్ష్యాలు ఎటువంటివో గమనించండి. సింధు స్వభావం మెత్తనిది. ఆటస్థలంలో గొంతు విప్పేది కాదు. తోటి క్రీడాకారులందరి ముందు కోర్టు నడుమ నిలబడి గట్టిగా అరిచేవరకు రాకెట్టు ముట్టరాదన్నారు గోపీచంద్‌గారు. ఆ పిల్ల ఏడ్చినది, చివరకు అరిచినది. "పతకం తే" అన్నది లక్ష్యమే గాని, ఈ రోజు చేయగలిగిన పని కాదు. "అరువు" అన్నది ఈ రోజే చేయగలిగినది. 2016 రియో పోటీలకు ముందు మూడు నెలలు ఆమె సెల్‌ఫోను కూడ ఆయన దగ్గరే ఉన్నది. రియోలో రజతం వచ్చినది; 2021లో జరిగిన టోక్యో క్రీడలలో కాంస్యం వచ్చినది.

ప్రపంచ పోటీలలో ఆమె వరుస చూస్తే మెట్ల మాట మరింత స్పష్టమవుతుంది. 2013లో కాంస్యం, 2014లో కాంస్యం, 2017లో రజతం, 2018లో రజతం, 2019లో స్వర్ణం. 2017 గ్లాస్గో ఫైనల్‌లో జపాను క్రీడాకారిణి ఒకుహారతో 110 నిమిషాలు పోరాడి, చివరి గేము 20-22తో ఓడినది. ఫైనల్ ఓడుతుందని లోకం నోరు చేసుకొన్నది. రెండేండ్లకు బాసెల్ ఫైనల్‌లో అదే ఒకుహారను 21-7, 21-7తో 38 నిమిషాలలో ఓడించినది. 2017లో ఎవరైనా ఆమెను "ఎన్నో స్థానం?" అని మాత్రమే అడిగి ఊరకున్నట్లయితే, ఆ 110 నిమిషాలలో ఆమె సంపాదించుకొన్నదేమిటో తెలిసేది కాదు.

గాలి లెక్క

గెలుపు ఓటములు ఎదుటివారి చేతిలోనూ కొంత ఉంటవి. కాలపు లెక్క మన చేతిలోనే ఉంటుందనుకొంటాము. అదీ పూర్తిగా నిజం కాదని విశాఖపట్నం పిల్ల యర్రాజి జ్యోతి కథ చెపుతుంది. తండ్రి కాపలా ఉద్యోగి. తల్లి ఇళ్ళలోనూ ఆసుపత్రిలోనూ పని చేసి పిల్లలను పెంచిన ఇల్లాలు. జ్యోతిది నూరు మీటర్ల హర్డిల్స్. ఈ పందెం ఒక పాఠ్యపుస్తకం వంటిది. బయలుదేరిన చోటు నుండి 13 మీటర్లకు మొదటి అడ్డు. తరువాత ఎనిమిదిన్నర మీటర్లకొకటి చొప్పున మొత్తం పది. అడ్డుకూ అడ్డుకూ నడుమ మూడే అడుగులు. పదవ అడ్డును తలచుకొంటూ పరుగెత్తేవారు మూడవ అడ్డుకే తట్టుకొంటారు.

ఈ పందెంలో 2002 నుండి అనురాధా బిస్వాల్ పేర 13.38 సెకండ్ల జాతీయ రికార్డు ఉండేది. 2020 జనవరిలో మూడబిదిరెలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీలో జ్యోతి 13.03లో చేరినది. నియమం ప్రకారం కావలసిన ఏర్పాట్లు అక్కడ లేనందువల్ల అది రికార్డుగా లెక్కకు రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడులో 13.09. ఈసారి వెనుక గాలి సెకండుకు 2.1 మీటర్లు వీచినది. అనుమతి 2.0 వరకే. మరల లెక్కకు రాలేదు. ఒకటవ వంతులో పదో వంతు గాలి ఆమె శ్రమను కొట్టి వేసినది.

స్థానం ఒక్కటే గమ్యమైన పిల్ల అయితే అక్కడే బూట్లు అటక ఎక్కవలసినది. కొద్ది వారాలకే, 2022 మే 10న, సైప్రస్ దేశపు లిమసోల్‌లో 13.23తో రికార్డు చేజిక్కినది. ఆ మేలోనే మరి రెండు సార్లు తన రికార్డు తానే సవరించుకొన్నది. ఆ అక్టోబరులో బెంగుళూరులో 12.82. పదమూడు సెకండ్ల లోపు చట్టబద్ధంగా చేరిన మొదటి భారత మహిళ అయినది. 2023లో బాంకాక్‌లో ఆసియా స్వర్ణం. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ప్రవేశం. లోకం లెక్కించని పరుగులను కూడ ఆమె, ఆమె గురువులు లెక్కించుకొన్నారు. కనపడని అరుగుదలను పోగొట్టుకొనకపోవడమంటే ఇదే.

జ్యోతికి హైదరాబాదులో తొలి రోజులలో శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్‌గారే వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవాంజి దీప్తికీ గురువు. మేధోపరమైన లోపంతో పుట్టిన ఆ పిల్లను ఊరివారు గేలి చేసేవారు. బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గమనించినాడు. 2024 మేలో జపానులోని కోబెలో జరిగిన ప్రపంచ పారా పోటీలలో 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి తన తరగతిలో ప్రపంచ రికార్డు నెలకొల్పినది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఇల్లు గడవక తల్లిదండ్రులు అమ్ముకొన్న భూమిని, అంతకు ముందు ఆసియా పారా క్రీడల గెలుపు వల్ల వచ్చిన బహుమాన ధనంతో తిరిగి కొని ఇచ్చినది. అవమానం పద్దు రాజపూజ్యం పద్దుగా మారడం ఎట్లాగో ఈ బిడ్డను చూసి తెలుసుకోవచ్చును.

తోరణగల్లు మైదానం

ఇక మరల బళ్ళారి జిల్లాకే వస్తాను. పట్టణానికి పడమరగా, హొసపేట దారిలో, ఇనుప కర్మాగారంతో పేరుపడిన తోరణగల్లు ఉన్నది. అక్కడి విజయనగర్ కాలనీలో 2018లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ అనే శిక్షణాలయం తెరిచినారు. కుస్తీ, బాక్సింగ్, జూడో, పరుగు పందాల వంటి విద్యలు నేర్చే పిల్లలకు అక్కడే వసతి, అక్కడే వైద్యం, అక్కడే చదువు. 2019లో మోచేతికి శస్త్రచికిత్స అయిన తరువాత నీరజ్ చోప్రా కోలుకొంటూ సాధన చేసిన చోట్లలో ఇది ఒకటి. అయిదు వేల ఏండ్ల క్రిందట రాతికి పదును పెట్టిన సీమలోనే ఈనాడు యువకుల దేహాలకు పదును పెడుతున్నారు.

మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ కూడ ఇక్కడ శిక్షణ పొందినది. పరుగు పందాలతో మొదలు పెట్టి, ఆడపిల్లలు బాక్సింగ్ ఎందుకు చేయరని తండ్రిని అడిగి, ఆ ఆటలోకి వచ్చినది. దెబ్బలు తిన్న ముఖంతో ఇల్లు చేరిన కూతురును చూసి తల్లి పెండ్లి కాదేమోనని దుఃఖించినదట. తండ్రి, తానూ ఆటలాడినవాడు, అండగా నిలిచినాడు. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజం గాయం. 2019లో ఒలింపిక్ అర్హతకు మేరీ కోమ్‌తో ఎంపిక పోటీ పెట్టించమని బహిరంగంగా కోరినది. పోటీ పెట్టినారు, ఓడినది. ఆమె అడిగినది గెలుపు కాదు, ఒక న్యాయమైన మెట్టు. ఆ మెట్టు మీద నిలబడి ఓడినందుకు సిగ్గు పడలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయినది. పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు. రాలేదని ఆ వెనుకటి మెట్లు కూలిపోవు.

మన ఇండ్లలో చేయదగినది

ఈ చరిత్రనంతా కలిపి చూస్తే మనకు అక్కరకు వచ్చే సంగతులు కొన్ని తేలుతున్నవి. 1968లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ ఒక సిద్ధాంతం వెలువరించినాడు. "నీ శక్తి కొలది చేయి" అని చెప్పడం కంటె, స్పష్టమైన, కొంచెం కష్టమైన లక్ష్యం పెట్టినప్పుడు మనుష్యులు ఎక్కువ సాధిస్తారని ఆయన తేల్చినాడు. అయితే ఆ లక్ష్యాన్ని చేసేవారు తమదిగా అంగీకరించాలి. తరువాత క్రీడా శిక్షకులు లక్ష్యాలను మూడుగా విభజించినారు. గెలవాలనడం ఫలితపు లక్ష్యం. వెనుకటి కంటె అర సెకండు తగ్గాలనడం ప్రదర్శన లక్ష్యం. మలుపు దగ్గర భుజాలు బిగించకుండా పరుగెత్తాలనడం అభ్యాసపు లక్ష్యం. మొదటిది ఎదుటివారి మీద ఆధారపడినది. రెండవది చాలవరకు మన చేతిలోనిది. మూడవది పూర్తిగా మనదే. ఇంటిలో పెద్దలము మొదటి దానినే అడుగుతాము. పిల్లలకు రోజూ కావలసినది మూడవది.

వలస వచ్చిన మనకు ఒక బలహీనత ఎక్కువ. ఊరు విడిచి, అప్పులు చేసి, అన్నీ వదులుకొని వచ్చినాము కనుక, మన కష్టానికి జవాబు పిల్లల చేత చెప్పించాలని చూస్తాము. చదువులో అయితే మొదటి ర్యాంకు, ఆటలో అయితే మొదటి స్థానం. అది పిల్లల గమ్యం కాదు, మన ఆకలి. ఆ ఆకలిని వారి భుజాన పెడితే రామమూర్తిగారి రొమ్ము మీద ఏనుగు వలె ఉంటుంది. ఆయన దానిని మోయగలిగినారు. పన్నెండేండ్ల పిల్ల మోయలేదు.

సంఘం వారికి ఒక విన్నపం. ప్రతి ఉగాదికీ మనం పిల్లలకు పరుగు పందాలు పెట్టి, మొదటి ముగ్గురికీ బహుమతులిచ్చి పంపుతున్నాము. ఈ సంవత్సరం నుండి ఒక చిట్టా పుస్తకం పెట్టి, పరుగెత్తిన ప్రతి పిల్ల పేరు, ప్రతి పిల్లవాని పేరు, వారి సమయం వ్రాసి ఉంచుదాము. వచ్చే ఉగాదికి ఎవరు తమ వెనుకటి సమయాన్ని తామే ఎక్కువగా తగ్గించుకొన్నారో వారికొక బహుమతి ఇద్దాము. అందరికంటె వెనుక వచ్చిన బిడ్డ కూడ అది గెలవవచ్చును. ఖర్చు ఒక పుస్తకం, ఒక గడియారం.

మా మనుమరాలు సంగనకల్లు నుండి వచ్చిన వారం తరువాత బూట్లు అటక మీద నుండి తనే దించుకొన్నది. ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్ళు గీసినది. మన పంచాంగపు మాటలే పెట్టినది. ఆదాయం గడిలో ఆ రోజు నేర్చుకొన్నది. వ్యయం గడిలో ఎన్ని గంటలు, ఎంత నిద్ర, ఏ నొప్పి. రాజపూజ్యం గడిలో గురువు మెచ్చుకొన్న మాట. అవమానం గడిలో తనకు తాను సిగ్గుపడిన పని. ఎదుటివారు చేసిన హేళన ఆ గడిలో వ్రాయనన్నది. అది తన లెక్క కాదట. ఆమె ఇంతవరకు ఏ పందెంలోనూ మొదటి స్థానం పొందలేదు. పొందుతుందో లేదో నేను చెప్పలేను.

మొన్న పోటీ నుండి వచ్చినప్పుడు నోటి దాకా వచ్చిన పాత ప్రశ్నను మ్రింగి, "ఈ రోజు ఏ గడిలో ఏమి వ్రాస్తావమ్మా?" అని అడిగినాను. ఆ పిల్ల నా ప్రక్కన కూర్చుండి అరగంట చెప్పినది. నాలుగు వందల మీటర్ల పరుగులో ఇంత సంగతి ఉన్నదని నాకు అంతవరకు తెలియదు.

పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఈ ఏడు మన పిల్లల ఆదాయం వ్యయాన్ని మించుగాక.